రేపు మళ్లీ చూడాలన్న మాట

మా గురువు డాక్టర్ నరహరి గారు ఇక లేరని మొన్న ఉదయం ఫోను వచ్చింది. మానుకోటలో ఆయన క్లినిక్‌లోనే వైద్యం నేర్చుకుని, ఆయన పక్కనే పనిచేసినవాణ్ణి. అందరిలా కన్నీరు పెట్టే అర్హత నాకుందో లేదో తెలియదు.

రఘునాథపల్లి రైతుబిడ్డ అయిన ఆయన, రక్తపోటుతో వచ్చినవారిని మూత్రపరీక్ష లేకుండా ఏనాడూ పంపలేదు. ఒకసారి గార్ల నుంచి వచ్చిన అవ్వ అడ్డం తిరిగింది. "ఏంది సారూ, బీపీ చేతికి చూస్తివి, మల్ల ఉచ్చ ఎందుకు?" ఆయన స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు. "అవ్వా, బీపీ కిడ్నీల సన్న నెత్తురు నరాలను తింటది. నొప్పి తెల్వది. నరం దెబ్బతింటే నెత్తుర్ల ఉండే సత్తువ, ఆల్బుమిన్ అంటం, ఉచ్చల కారుతది. మనకు ముందుగాల చెప్పేది గదే." అవ్వ చెంబు నిండా తెచ్చింది. "ఊరందరిది తెచ్చినవా ఏంది?" అని ఆయన నవ్వితే ఆమె కూడా నవ్వింది.

రాష్ట్ర సాధనోద్యమం ఉవ్వెత్తున లేచిన రోజుల్లో మా పట్టణంలో రిలే దీక్షల శిబిరం వెలిసింది. రోజుకొక జట్టు మెడలో దండలతో కూర్చుని, సాయంత్రం నిమ్మరసంతో విరమించేది. నరహరి గారు మాత్రం ప్రతి జట్టుతోనూ కూర్చునేవారు. భూపాలపల్లి గని కార్మికులు సంఘీభావానికి వచ్చిన నాడు ఆయన గుక్కెడు నీళ్లు కూడా ముట్టలేదు.

ఆయనకూ పాత రక్తపోటే. నెలనెలా తన మూత్రం నాచేతనే పరీక్ష చేయించుకునేవారు. ఆ సాయంత్రం పరీక్ష పట్టీ ఎన్నడూ లేనంత ముదురు ఆకుపచ్చగా మారింది, అంటే ఆల్బుమిన్ బాగా కారుతోందన్నమాట. "నీళ్లు తాగలే గద సార్, చిక్కబడ్డది. ఉపాసం వల్లనే" అన్నాను. అలా జరగడమూ కద్దు. అయితే నీళ్లు తాగించి మర్నాడు మళ్లీ చూడాలన్నది ఆయన నాకు నేర్పిన తొలి పాఠం. మళ్లీ చూడలేదు. ఆయన లేస్తే శిబిరం పల్చబడుతుందని నాకు భయం.

కొన్నాళ్లకు ఆయన కాళ్లు పొంగాయి, కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ మంచం పక్కన నిలబడి, "ఆనాడు నేను తప్పు జెప్పిన సార్" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "నాకు తెల్వదా? ఉపాసం వల్లనే అన్న గా మాట ఎవరన్న అంటే బాగుండని చూసిన. నువ్వన్నవు. గార్ల అవ్వకైతే ఒప్పుకుందునా?" నన్ను తేలికపరచడానికే అన్నారు. నా మనసు మాత్రం నేటికీ తేలిక పడలేదు.

నిన్న క్లినిక్ ముందర సంస్మరణ సభ జరిగింది. రాష్ట్రం ఇంకా రాలేదు, వచ్చేనాడు చూడటానికి ఆయన లేరు. సభ ముగిశాక గార్ల అవ్వ కొంగుచాటు నుంచి చిన్న సీసా తీసింది. "నెలనెలా తెమ్మన్నడు సారు. ఇగ ఎవరికియ్యాలె బిడ్డా?"

తీసుకుని పట్టీ ముంచి చూశాను. పట్టీ కొద్దిగా రంగు మారింది. పొద్దుటి నుంచి ఏమీ తాగలేదట, సారు పోయిండని. "రేపు నీళ్లు తాగి మల్ల తే అవ్వా" అన్నాను.

"సారు గూడ గట్లనే అనెటోడు" అంది.

గురుదేవా, మీ స్థానం ఎవరూ నింపలేరు. మీరు నేర్పిన ఆ ఒక్క మాట మీకు చెప్పలేకపోయాను.