చామంతి తోటకు నేను పెట్టిన లైటింగు

గురువారం, అక్టోబరు ఐదు, సాయంత్రం ఆరూ నలభై. ముడిమ్యాలలో మా తమ్ముడు మల్లేశం చామంతి తోటలో మొదటి బల్బు వెలిగింది. వెలిగించింది నేనే. అక్కడి నుంచి సరిగ్గా ముప్పై ఒక్క సాయంత్రాల్లో ఆరు వరుసల తోటను ఎట్లా చెడగొట్టానో చెబుతాను. తేదీల మీద అనుమానం వద్దు, అన్నీ రాసిపెట్టుకున్నాను.

అప్పుడు నాకు అరవై ఎనిమిదేళ్లు. చిన్నతనం. చేవెళ్లలో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పిన మనిషికి రాని విద్య ఉండదని నమ్మే వయసు.

మొయినాబాద్‌లో కాలేజీ చదువుతున్న నా మనవరాలు శ్రావణి చివరి ఏడాది పరీక్షకు ఒక వీడియో తీయాలి. అది కుదరకపోతే ఏడాది పోతుంది. కథంతా విరగబూసిన చామంతుల మధ్య, మసక చీకట్లో. సెట్టూ లైటింగూ ఎవరు చూస్తారని పిల్ల దిగులు పడుతుంటే, నేనున్నాను కదా అన్నాను.

ఆరు వరుసలు ఎంచుకున్నాను. వెదురు కర్రలు పాతించి పన్నెండు బల్బులు కట్టించాను. రోజూ చీకటి పడగానే వెలిగించి, పది దాకా కూర్చుని, నీడ ఎంత పొడుగు పడుతున్నదో టేపుతో కొలిచాను. పద్దెనిమిది పటాలు గీశాను. మొక్కల వైపు మాత్రం చూడలేదు. చూసినా ఏం లాభం, పసుపు బల్బు కింద ఆకు కూడా చామంతిలాగే ఉంటుంది.

నవంబరు ఐదు, ఆదివారం, సాయంత్రం ఐదింటికి శ్రావణి కెమెరాతో, నలుగురు స్నేహితులతో దిగింది. తోటంతా పసుపు. నా ఆరు వరుసలు మాత్రం పచ్చగా, తోటకూర మడిలా ఉన్నాయి.

"అమ్మమ్మా, లైట్లున్న కాడనే పూలు లేవేంది?" అన్నది శ్రావణి.

మల్లేశం తాపీగా వచ్చాడు. "రాత్రి లైటు పడితే చామంతి మొగ్గెయ్యదక్కా. రేటు లేనప్పుడు పూత ఆపనీకి మేం గిట్లనే బల్బులు పెడ్తం."

"మరి నెల రోజులు నోరు మూసుకున్నవేందిరా?"

"నువ్వు లెక్క లేకుండ ఏ పని చెయ్యవు గద. గిది గూడ ఏదో లెక్కతోని ఆపుతున్నవనుకున్న."

నా పేరే నా కొంప ముంచింది.

పూసిన వైపుకు నా వైర్లు అందవు. వెలిగించి పెట్టిన బల్బులు ఆర్పేశాను. పొద్దు కుంకడానికి ఇంకా ముప్పావు గంట ఉన్నది. శ్రావణి కళ్లు తుడుచుకుని, కెమెరా ఎత్తుకుని అటు పరుగెత్తింది. ఉన్న వెలుతురులోనే అంతా తీసింది. పాసయింది. లైటింగు ఎంతో సహజంగా ఉన్నదని సార్లు మెచ్చుకున్నారట. వీడియో చివర పేర్లలో మాత్రం ఇట్లా వేసింది: "లైటింగు: సూర్యుడు. సహాయం: బల్బులు ఆర్పిన అమ్మమ్మ."

నా పాత హాజరు రిజిస్టరు మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను: ఇక మీదట ఏ మొక్క పక్కనా, దాన్ని సాగు చేసే మనిషిని అడగకుండా, అగ్గిపుల్ల కూడా గీయను.

పోయినవి: దీపావళికి అందని చామంతులు, ఆరు వరుసలు. సాయంత్రాలు, ముప్పై ఒకటి. పటాలు, పద్దెనిమిది. అక్క ఏం చేసినా లెక్క ఉంటుందన్న తమ్ముడి నమ్మకం, ఒకటి.