మామయ్యకు రొట్టె వైద్యం

ఆ రోజుల్లో మా మెట్ట ప్రాంతంలో రొట్టె అంటే జ్వరం. ఒంట్లో బాగున్నవాడెవడూ బ్రెడ్డు ముట్టేవాడు కాదు. ఆ పొట్లం పట్టుకుని బస్సెక్కితే చాలు, పక్కవాడు జరిగి చోటిచ్చి, "ఎవరికి బాబూ, టైఫాయిడా?" అని జాలిగా అడిగేవాడు. అరవైల్లో అలాంటి పొట్లం ఒళ్ళో పెట్టుకుని, మూడు నెలలపాటు శనివారం శనివారం నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్ళిన ఘనుణ్ణి నేను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. నందిగామ కోర్టులో కొత్తగా గుమాస్తాగా చేరాను. మా బంధువర్గం మొత్తంలో ఇంగ్లీషు కాగితం చదివి అర్థం చెప్పగలవాణ్ణి నేనొక్కణ్ణే. (అలాగని నేనే అనుకునేవాణ్ణి.)

ఆ రొట్టె మా మేనమామకి. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. పేటలో ఆయన మాటంటే మాటే, భోజనమంటే భోజనమే. సన్నబియ్యం అన్నం, ముద్దపప్పు, దానిమీద అత్తయ్య గరిటెతో వంచే నెయ్యి. అలాంటి మనిషి ఒకరోజు మిరపచేలో గుండె పట్టేసి కూలబడ్డాడు. బెజవాడ తీసుకెళ్తే డాక్టరు రక్తం పరీక్ష చేయించి, కొలెస్ట్రాల్ బాగా ఎక్కువగా ఉందనీ, అశ్రద్ధ చేస్తే మనిషి దక్కడనీ నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. ఇంగ్లీషులో ఒక కాగితం కూడా రాసిచ్చాడు. తెల్లన్నం, నెయ్యి బాగా తగ్గించి, వాటికి బదులు పొట్టు తియ్యని గోధుమపిండి రొట్టె పెట్టమని అందులో సారాంశం.

ఇంటికొచ్చి అరుగు మీద ఉపన్యాసం మొదలుపెట్టాను. కొలెస్ట్రాల్ అంటే ఏమిటి, రక్తనాళాల్లో ఎలా పేరుకుంటుంది, గోధుమ పొట్టులో ఉండే పీచు దాన్ని ఎలా తగ్గిస్తుంది అని అరగంటసేపు, సగం ఇంగ్లీషులోనే దంచేశాను. ఇరుగుపొరుగు నోళ్ళు తెరుచుకుని విన్నారు. మామయ్య రెప్పవెయ్యకుండా నన్నే చూస్తూ కూర్చున్నాడు. తీరా ఏవేం తగ్గించాలో చెప్పబోయే వేళకి అత్తయ్య వేడివేడి గారెలు తెచ్చి నా ముందు పెట్టింది. ఆ ఒక్క ముక్కా గారెతోపాటు మింగేశాను.

నందిగామలో బన్నులు కాల్చే సాయిబుగారిని ఒప్పించడం ఇంకో ప్రహసనం. "పిండి జల్లించకుండానా? అసలే జబ్బు మనిషి, గేదె దాణా పెడతారా బాబూ?" అని ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. చివరికి నా మాట తీసెయ్యలేక కాల్చి ఇచ్చేవాడు. ఇటుకలాంటి ఆ రొట్టెని అత్తయ్య కత్తిపీట మీద కోసేది. అది చూసి తృప్తిపడి, భోజనాల వేళదాకా ఆగకుండా తిరుగు బస్సెక్కేసేవాణ్ణి. నేనేమో ఒక నిండుప్రాణాన్ని నిలబెడుతున్నానని కోర్టులో అందరికీ చెప్పుకుని తిరిగేవాణ్ణి.

మూడు నెలలయ్యాక మళ్ళీ బెజవాడ వెళ్ళాం. డాక్టరు పరీక్ష కాగితం చూసి కళ్ళజోడు తీసేశాడు.

"ఇదేమిటండీ, ఇంకా పెరిగింది! అసలేం తింటున్నారు?"

"మీరు చెప్పిన మందేనండి. ఒక్కపూట మానలా," అన్నాడు మామయ్య గర్వంగా. "అన్నం తిన్నాక నాలుగు ముక్కలు."

"అన్నం తిన్నాకా?"

"పరగడుపున మందేసుకుంటే వేడి చేస్తదిగదండీ. అందుకని పప్పూ నెయ్యీ వేసుకుని కడుపునిండా తిన్నాకే వేసుకుంటన్నా. ఉత్తది గొంతు దిగట్లేదంటే మా ఆవిడ నేతిలో వేయించి పెడతంది."

డాక్టరు మెల్లగా నా వైపు తిరిగాడు. "చదువుకున్నవాడివేగా? ఏం తగ్గించాలో చెప్పలేదా?"

గారెతోపాటు మింగేసిన ఆ ముక్క అప్పుడు గుర్తొచ్చింది. నన్ను మనిషిని చేసినాయన్ని నా చేతుల్తో నేనే చంపుకోబోయాను.

"వాణ్ణేం అనమాకండి డాక్టరుగారూ. వాడు చెప్పే ఉంటాడు, నాకే బుర్రకెక్కి ఉండదు," అని మామయ్య అడ్డుపడ్డాడు.

"మీ చేలల్లో జొన్నలు పండుతాయిగా? అన్నం, నెయ్యి తగ్గించి జొన్నరొట్టె తినండి. ఎక్కడెక్కడి నుంచో ఏమీ మోసుకురానక్కర్లేదు," అన్నాడు డాక్టరు.

"మా పాలేళ్ళు తినే రొట్టా!" అని మామయ్య తెల్లబోయాడు.

తిరుగు బస్సులో ఆయన ముఖం చూడలేకపోయాను. కంచికచర్ల దాటాక ఉండబట్టలేక, "తప్పంతా నాదే మామయ్యా, అసలు సంగతి చెప్పడం మర్చిపోయా. అర్థంకాకపోతే ఆ రోజే ఒక్కసారి అడక్కపోయావా?" అన్నాను.

"అడుగుదామనే అనుకున్నారా. అంతమంది ముందర నువ్వట్టా గడగడా చెప్తంటే ఎంత ముచ్చటేసిందో! మధ్యలో అడిగితే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నా," అన్నాడు.

సిగ్గు విడిచి బస్సులోనే ఏడ్చేశాను.

మామయ్య ఆ మర్నాటి నుంచి సణుక్కుంటూనే జొన్నరొట్టెకి అలవాటుపడ్డాడు. చాలా ఏళ్ళు బతికాడు, నా పిల్లల్ని కూడా ఎత్తుకున్నాడు. ఆయన అప్పటి వయసు నేనూ ఎప్పుడో దాటేశాను. చేతులూపుతూ ఉపన్యాసం దంచుతున్న ఆ ఇరవై రెండేళ్ళ మేధావిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, నాలుగు తగిలించాలనీ అనిపిస్తుంది. కానీ ఒక్క ముక్కా అర్థంకాకపోయినా మామయ్య చూసి అంతగా మురిసిపోయిన కుర్రాడు వాడు. వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాదు.