కొబ్బరికాయను తిప్పి పంపిన సముద్రం

ముందే చెబుతున్నాను, నా మాటల్లో సగానికి సగం తీసేసి చదువుకోండి. మిగిలిన సగంలోనూ కాస్త నీళ్లు కలిసే ఉంటాయి. మా ఆవిడ నేను చెప్పిందల్లా నాలుగుతో భాగించి వింటుంది, మా అమ్మాయి అనన్య అసలు వినదు. ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు. చిన్నప్పుడు ఒక సముద్రం ఒడ్డున అంటుకుంది.

పోయిన శనివారం ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి మిషిగన్ సరస్సు చూద్దామని బయల్దేరాం. దారంతా వాన. అక్కడికి చేరేసరికి అది వానగా ఉండడం మానేసి, ఆకాశంలో ఎవరో సరస్సునే తిరగేసి పట్టుకున్నట్టయింది. దిగే వీల్లేక పార్కింగ్ లాట్‌లోనే అద్దాలు బిగించుకుని కూర్చున్నాం. మా ఆవిడ పులిహోర డబ్బా మూత తీసింది. వెనక సీట్లో తడిసిన ఉన్ని స్వెట్టరు ఒకటి ఆరుతోంది. చింతపండు, ఇంగువ, తడి ఉన్ని, ముగ్గురి ఊపిరితో మసకబారిన అద్దాలు అన్నీ కలిసిన ఆ వాసన నా చెవి పట్టుకుని నలభై ఏళ్లు వెనక్కి, వేల్స్ దేశపు సముద్రతీరానికి లాక్కుపోయింది.

"నాన్నా, విండో ఓపెన్ చెయ్. కార్ అంతా స్మెల్ వస్తుంది," అంది అనన్య.

"ఉండవే, ఒక్క నిమిషం," అన్నాను.

మా నాన్న అక్కడి బొగ్గుగనుల ఊళ్లో ఒక ఆస్పత్రిలో డాక్టరు. ఆ ఊళ్లో ఏడాదికి మూడువందల అరవై రోజులు వాన కురిసేది, మిగతా అయిదు రోజులు రేపు కురవబోయే వాన కోసం మబ్బు పట్టి ఉండేది. ఇళ్లు, రోడ్లు, గొర్రెలు, బస్టాపుల్లో మనుషుల దగ్గులు, సమస్తం బూడిదరంగు. నాన్నకి సెలవు దొరికిన ఆదివారాల్లో అమ్మ తెల్లవారకముందే లేచి పులిహోర కలిపి, మూతకి గుడ్డ చుట్టి, అప్పడాలు విరక్కుండా దిండు గలీబులో పెట్టి, మాకు ఒకదాని మీద ఒకటి స్వెట్టర్లు తొడిగి ఉల్లిపాయల్లా తయారుచేసేది. ముసలి నీలం కారు మూలుగుతూ మమ్మల్ని రొసిలి అనే చోటికి మోసుకుపోయేది. కొండ అంచున కారు ఆగేది. కింద, ఎక్కడో పాతాళంలో, తేనెరంగు ఇసుక మూడు మైళ్లు పరుచుకుని ఉండేదని జనం అంటారు. నాకు ముప్పై మైళ్లని గుర్తు. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, ఎప్పుడో మునిగిన ఓడ తాలూకు కొయ్య పక్కటెముకలు ఇసుకలోంచి పొడుచుకొచ్చేవి. గాలి ఎలాంటిదంటే, కొండ మీద మేసే గొర్రెలు లేచి పక్క పొలంలో దిగేవి, గడ్డి మాత్రం నములుతూనే ఉండేవి.

ఈ వైభవమంతా మా చెల్లెలు బుజ్జి కారులోంచే చూసేది. నాకంటే రెండేళ్లు చిన్నది. పుట్టుకతోనే దాని గుండెలో చిల్లు. కాస్త గట్టిగా నడిస్తే చాలు, పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగేవి. కొండ దిగితే ఎక్కలేదు, ఎత్తుకుని దింపుదామంటే ఆ చలిగాలి దాని ఊపిరితిత్తులకి పడదు. వేరేవాళ్ల పిల్లయితే డాక్టరుగారు కాస్త మెత్తబడేవారేమో, సొంత కూతురు కాబట్టి నిషేధాలు రెట్టింపు. దానికేమో ఒక్కటే కోరిక, చెప్పులు విప్పి ఆ ఇసుకలో నిలబడి కాళ్ల మీదకి అల రానివ్వాలని. గుండెకి చెయ్యబోయే ఆపరేషన్‌కి ముందే కావాలంది. తర్వాత అన్నిటికీ "తర్వాత" అంటారని దానికి బాగా తెలుసు.

అందుకని నేను వార్తాహరుణ్ణి. కిందికి పరిగెత్తడం, పైకి రొప్పుతూ రావడం, అంగుళం దించిన అద్దంలోంచి సముద్రాన్ని లోపలికి అందించడం, ఇదే పని.

"అల ఎంతుందన్నయ్యా?"

"మన ఆస్పత్రంత."

"పోయినసారి చర్చి అంత అన్నావుగా?"

"ఇవాళ పెరిగిందే."

"అబ్బో! మరి ఆ కర్రలేంటి?"

"రాక్షసుడి పక్కటెముకలు. సగమే చచ్చాడు."

నమ్మేది. నోరు తెరుచుకుని, అద్దానికి ముక్కు ఆనించి, మొత్తం నమ్మేది. అందులో అంత సంతోషం ఉన్నప్పుడు ఏ అన్నయ్య మాత్రం కొలతలు సరిగ్గా చెబుతాడు? జేబుల్లో ఇసుక నింపుకొచ్చి దాని పాదాల కింద పోసేవాణ్ణి. నాన్న నన్ను తిడుతూనే ఉండేవారు గానీ, ఆ ఇసుక మాత్రం దులపలేదు.

ఆపరేషన్ వచ్చే వారమనగా మాఘ పౌర్ణమి వచ్చింది. అమ్మది బందరు. మాఘ పౌర్ణమికి ఊరంతా మంగినపూడి వెళ్లి సముద్రస్నానం చేసే ఇంట్లో పెరిగింది. వేల్స్ సముద్రం కూడా సముద్రమేనని, బిడ్డ కోసం మునుగుతానని మొక్కుకుంది. ఫిబ్రవరి నెల. చేపలు కూడా మఫ్లర్లు చుట్టుకుని తిరిగే చలి. అమ్మ నేతచీర కట్టుకుని, నాన్న రెయిన్‌కోటు కప్పుకుని కొండ దిగింది, కోటు నా చేతికిచ్చి నీళ్లలోకి నడిచింది. కేక కాదు, ఊపిరి పోయినట్టు ఒక శబ్దం వినిపించింది. మునిగి లేచి, పసుపు కుంకుమ వదిలి, కార్డిఫ్ దాకా వెళ్లి తెచ్చిన పిలక కొబ్బరికాయని దణ్ణం పెట్టి సముద్రంలోకి విసిరింది.

ఎక్కణ్ణుంచి వచ్చిందో, గొర్రెలు కాసే నల్లటి కుక్క ఒకటి. రివ్వున నీళ్లలోకి దూకి, కొబ్బరికాయని పిలక పట్టుకుని తెచ్చి, అమ్మ కాళ్ల దగ్గర పెట్టి తోక ఊపింది. అమ్మ పళ్లు పటపటలాడుతుండగా ఇంకా దూరంగా విసిరింది. కుక్క మహదానందంగా మళ్లీ తెచ్చింది. దాని యజమానురాలు, గొడుగు తిరగబడిన ఒక ముసలావిడ, దూరం నుంచి చప్పట్లు కొట్టింది.

"లవ్లీ త్రో, లవ్! అగైన్!"

"సముద్రుడు పుచ్చుకోవట్లేదండీ," అంది అమ్మ.

"అది సముద్రుడు కాదే, కుక్క," అన్నారు నాన్న.

"తిప్పి పంపేస్తున్నాడు. మీకు కనబడట్లేదా?"

నాన్న నవ్వారు, నేనూ నవ్వాను. అమ్మ తడి చీరలో నిలబడి, ఆ కొబ్బరికాయ వంక చూస్తూ ఉండిపోయింది. మా నవ్వు ఆగిపోయింది.

అప్పుడు నాన్న కొండెక్కి, బుజ్జిని తన ఓవర్‌కోటులో చుట్టుకుని మోసుకొచ్చారు. నీళ్ల అంచున మేజోళ్లు లాగేసి, దాని పాదాలు ఇసుకకి ఆనించారు. అల వచ్చింది, చీలమండల దాకా. బుజ్జి వేసిన కేకకి మూడు జిల్లాల సీగల్స్ ఒక్కసారి లేచాయి. అమ్మ నవ్వింది.

ఆపరేషన్ నుంచి బుజ్జి తిరిగి రాలేదు.

మరుసటి ఏడు నాన్న మిషిగన్‌లో ఉద్యోగం చూసుకున్నారు. సముద్రం లేని చోటైతేనే వస్తానని అమ్మ షరతు పెట్టింది. ఇక్కడి సరస్సుల్లో ఉప్పు లేదన్నాక మెత్తబడింది, తీరా వస్తే చలికాలమంతా రోడ్ల మీద మంచు కరగడానికి చల్లిన ఉప్పే. ఆ తర్వాత ఆవిడ ఏ దేవుడికీ కొబ్బరికాయ కొట్టలేదు. గుడిలో హారతి దాకా ఉండి, కాయ కొట్టే వేళకి బయట చెప్పుల దగ్గర నిలబడేది. ఇప్పుడు అమ్మా లేదు, నాన్నా లేరు. ఆ ఊరి గనులు మూతబడ్డాయి, ఆస్పత్రిని పడగొట్టారు. నీలం కారు ఏ తుక్కులో కలిసిందో, దాని అడుగున బుజ్జి కాళ్ల కింది ఇసుక ఎక్కడ రాలిందో తెలీదు.

ఇదంతా వాన కారు పైకప్పు మీద దరువేస్తుండగా చెప్పాను. అనన్య చెవుల్లో ఇయర్‌బడ్స్ లేవు, ఎప్పుడు తీసేసిందో.

"సో, అత్త రియల్లీ ఆ వాటర్ టచ్ చేసిందా?"

"చేసిందమ్మా."

"ఓకే. దట్స్ గుడ్, నాన్నా," అంది. వాన తెరిపివ్వగానే బూట్లు సీట్లోనే వదిలేసి సరస్సు వైపు పరిగెత్తింది.

మీకు మాత్రం నిజం చెబుతాను. గొర్రెలు ఎగరలేదు, గాలికి కాస్త తూలేవంతే. కుక్కా కొబ్బరికాయా అక్షరాలా జరిగాయి. అవి సాగదీసినవి, ఇవి జరిగినవి. పూర్తిగా అల్లింది ఒక్కటే. నాన్న బుజ్జిని కిందికి తేలేదు. కొబ్బరికాయని కోటు కింద దాచుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా కొండెక్కుతూ వచ్చారు. నేను ముందుగా కారు దగ్గరికి పరిగెత్తాను. బుజ్జి అద్దం మీద ఆవిరి తుడిచి, గుండ్రంగా కన్నం చేసుకుని చూస్తోంది.

"ఇవాళెలా ఉందన్నయ్యా?"

కింద అమ్మ ముఖం చూసి వచ్చినవాణ్ణి. అక్కడికి రాకపోవడం వల్ల దానికి పోయిందేమీ లేదనిపించాలనుకున్నాను.

"ఏముందే, ఉత్త నీళ్లు," అన్నాను.

ఆస్పత్రంత అలల్ని, సగం చచ్చిన రాక్షసుణ్ణి నమ్మిన పిల్ల నా ముఖంలోకి చాలాసేపు చూసింది.

"అబద్ధం," అంది.