మా నాయనమ్మ వదలని తాడు

మొన్న మా కోడలు బట్టలారేసుకోవడానికి కొబ్బరి తాడు తెచ్చి పెరట్లో కట్టించింది. ఆ రాత్రే వాన పడింది. పొద్దున పెరట్లోకి వెళ్లేసరికి తడిసిన పీచు వాసన గుప్పుమంది. అందులో ఉప్పు లేదు, చేపల జిగురు లేదు, అయినా నా చిన్ననాటి సముద్రపు ఒడ్డు కళ్లముందుకు వచ్చేసింది. మంచి సమయానికే వచ్చింది. వారం రోజులుగా మా ఇంట్లో నా నడక మీద నిషేధం నడుస్తోంది మరి. ఇక్కడ బాపట్లలో కాలవ గట్టు మీద కాలు జారి మోకాలు చీరుకుపోయిందని మావాడు గేటు తాళంచెవి జేబులో వేసుకుని తిరుగుతున్నాడు. తెనాలిలో ఉండే మా అమ్మాయి ఫోన్ చేసి మరీ వాణ్ణి మెచ్చుకుంది. డాక్టరు కట్టు విప్పేసి హాయిగా నడవమన్నాడన్న సంగతి మాత్రం ఒక్కరికీ చెవికెక్కలేదు.

మేం పుట్టి పెరిగింది సముద్రాన్ని ఆనుకున్న పల్లెలో. అక్కడ ఊరంతా కలిసి లాగే అలివి వల ఉండేది. తెల్లవారుతుండగా పడవ వెళ్లి వలను సముద్రంలో చుట్టూ దింపుకుంటూ తిరిగి వచ్చేది. రెండు కొసల తాళ్లూ ఒడ్డున రెండు వరుసల జనం చేతికి అందేవి, ఇక హైలెస్సా అనుకుంటూ మడమలు ఇసుకలో దిగేసి వెనక్కి వెనక్కి నడుస్తూ లాగడమే. ఆ వరుసకొక పద్ధతి ఉండేది. వెనక్కి నడిచి నడిచి ఇసుకదిబ్బ దాకా చేరిన చివరి మనిషి తాడు వదిలి, నీళ్ల అంచుకు నడిచి వెళ్లి, అందరికంటే ముందు మళ్లీ తాడు అందుకోవాలి. అంచేత వరుసలో ఎవరూ ఎప్పటికీ వెనకే ఉండిపోయేవాళ్లు కాదు. మీసాలు మొలవని వాళ్లయినా, పళ్లు రాలినవాళ్లయినా, తాడు మీద చెయ్యి వేస్తే చాలు, ఆ పూట చేపల్లో వాళ్లకీ వాటా ఉండేది.

పిల్లలం మేం పెద్దవాళ్ల మడమలు తవ్విన గుంటల్లోంచి గుంటల్లోకి దూకేవాళ్లం, ఎర్ర పీతల్ని తరిమి తరిమి వాటి బొక్కల దగ్గర ఓడిపోయేవాళ్లం, చలికాలమైతే సరుగుడు ఆకు పోగేసి మంట పెట్టి నెత్తళ్ల చేపలు కాల్చుకుని, వేళ్లు కాలుతున్నా ఊదుకుంటూ చద్దన్నంలో నంజుకు తినేవాళ్లం, ఎండాకాలమైతే కొత్త మామిడికాయ వేసిన చేపల పులుసు వాసన ఏ ఇంట్లోంచి వస్తోందో పసిగట్టి ఆ గుమ్మంలోనే ఆట మొదలుపెట్టేవాళ్లం. గంగమ్మ పండగనాడు మాత్రం వల దిగేది కాదు. ఆ ఒక్కరోజూ పొంగలి తిని కూర్చోవడం మా నాయనమ్మకు జ్వరం వచ్చినట్టుండేది.

నాయనమ్మ రేపల్లె అవతలి పల్లె నుంచి కాపురానికి వచ్చిన మనిషి. బక్కపలచన, నల్లన, మాట పెళుసు. ఎన్నేళ్లని అడిగితే "నన్నడుగుతావేంటే, మీ తాతనడుగు" అనేది. తాత పోయి అప్పటికే చాలా కాలమైంది. వరుసలో ఆవిడ మడమల గుంట ఎంత లోతుగా ఉండేదంటే, అందులోకి దూకితే నా పాదం చీలమండ దాకా దిగేది.

ఒక వానాకాలం ఆవిడ తడి మెట్టు మీద జారి తుంటి వాచి మంచాన పడింది. వాపు తగ్గి లేచాక, వల పెత్తనం చూసే మా బాబాయి ఇక తాడు ముట్టుకోవద్దన్నాడు. ఒడ్డున తాటాకు పాక కింద చాప పరిచి, అక్కడే కూర్చోమని, వాటా ఇంటికే పంపిస్తానని చెప్పాడు. అందరం దాన్ని ప్రేమే అనుకున్నాం. ప్రేమే, కాదనను. కానీ ఆ చాప మీద మనిషి రోజురోజుకూ చిక్కిపోయింది. అన్నం సగానికి తగ్గించింది. లేవాలంటే గుంజ పట్టుకోవడం మొదలుపెట్టింది. అప్పటిదాకా పేరు పెట్టి పిలిచేవాళ్లు "ముసలమ్మా" అనసాగారు. మంచం మీద పడి ఉన్నప్పుడు రాని ముసలితనం చాప మీద నెల్లాళ్లు కూర్చుంటే వచ్చేసింది. ఇంటికి పంపిన చేపల్ని కూడా ముట్టుకునేది కాదు. చెయ్యి వెయ్యని వలలో వాటా ఏంటని అమ్మ మీద కసిరేది.

ఒక పొద్దున చూస్తే చాప ఖాళీగా ఉంది. వంగి వంగి నీళ్ల అంచుకు వెళ్లి, అందరికంటే ముందు తాడు పట్టుకుని నిలబడింది నాయనమ్మ. లాగుడు ఆగిపోయింది. బాబాయి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, నీకు దండం పెడతా. పడితే ఎవరు సూత్తారు? వదులు."

"వదలనురా. కావాలంటే వచ్చి నా చేతేళ్లు విప్పు."

బాబాయి చెయ్యి చాపి, ఆ వేళ్ల దాకా తెచ్చి, ఆగిపోయాడు. కన్నతల్లి వేళ్లు ఎవడు విప్పుతాడు? తలొంచుకుని వెనక్కి తిరిగి హైలెస్సా అని అరిచాడు. తాడు కదిలింది. ఆ రోజు ఆవిడ గుంట నా బొటనవేలంత లోతు కూడా లేదు. నేను మాత్రం దాంట్లో కాలు పెట్టలేదు, చెరిగిపోతుందని.

వానలు మళ్లీ వచ్చేనాటికి ఆ గుంటలో నా పాదం సగం దిగింది. నా పెళ్లికి తాడు లాగే వరుస నుంచి నేరుగా, చీర కుచ్చిళ్లలో ఇసుకతో వచ్చింది. అలా తాడు పట్టి నడవడం వల్లే ఆవిడ అన్నేళ్లు బతికిందని నేను పంచాయితీ పెట్టి రుజువు చెయ్యలేను. కూర్చోబెడితే ఏమైందో మాత్రం కళ్లారా చూశాను, అది చాలు నాకు.

ఇప్పుడా ఒడ్డున అలివి వల లేదు. తాళ్లన్నీ నైలానువి, లాగడానికి యంత్రాలు వచ్చాయి. ముసలివాళ్లు చెయ్యి వెయ్యడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. మడమల గుంటలుండే చోట సెలవు రోజుల్లో కార్లు నిలుపుతున్నారు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

తాడు వాసన చూసిన ఆ పొద్దునే చెప్పులేసుకుని వెళ్లి గేటు ఊచలు రెండు చేతులా పట్టుకున్నాను. మావాడు వరండాలో కుర్చీ వేసి, "కూర్చో అమ్మా, కాఫీ తెస్తా" అన్నాడు.

"వచ్చి నా వేళ్లు విప్పరా, కూర్చుంటాను" అన్నాను.

వాడికి మా నాయనమ్మ కథ తెలుసు. నేనే చెప్పి పెంచాను. నా చేతుల వంక చూసి, జేబులోంచి తాళంచెవి తీశాడు, నేనూ వస్తానన్నాడు. ఇద్దరం కాలవ గట్టెక్కాం. రెండో వంతెన దాకా వెళ్లేసరికి వాడికి ఆయాసం వచ్చింది. రాతి మీద చతికిలబడి, "కాసేపు కూర్చుందామమ్మా" అన్నాడు.

"నువ్వు కూర్చోరా నాన్నా, నేను ముందుకెళ్లొస్తా" అన్నాను.