రేట్లు పలికిన ఫోన్, ఆమెను పిలవలేదు

2023 వేసవి. సికింద్రాబాద్ కార్ఖానా ప్రాంతంలోని ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాది డిప్లాయ్‌మెంట్ పని. తోటివాళ్ళు రాసిన అప్లికేషన్‌ను జనం వాడుకునేలా సర్వర్ మీదికి ఎక్కించడం అన్నమాట.

మల్లేశ్ గారు మా యజమానికి చిన్ననాటి దోస్తు. బోయిన్‌పల్లి మార్కెట్లో టమాటాల వేలం నడిపేవారు. ఆయన ధర పిలిస్తే మార్కెట్ ఆ చివరికి వినపడేదట. క్యాన్సర్ వల్ల స్వరపేటిక తీసేయాల్సి వచ్చింది. ఆపరేషన్‌కు ముందే రోజూ వాడే మాటలన్నీ తన గొంతుతో రికార్డు చేసి పెట్టుకున్నారు. ఫోన్‌లో ఏ మాట నొక్కితే ఆ మాట ఆయన గొంతులో వినిపించేలా మావాళ్ళు ఒక వెబ్ అప్లికేషన్ చేశారు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అన్నీ పలికాయి. సర్వర్ మీదికి ఎక్కించి, ధీమాగా ఆయన్ను ఇంటికి పంపాం.

మర్నాడు ఆయన భార్య సత్తెమ్మ గారు ఫోన్ చేశారు.

"బిడ్డా, యాభై, అరవై, వంద అని రేట్లు మాత్రం మస్తు చెప్తున్నది. నన్ను పిలువుమంటే ఉలకదు, పలకదు. ఏందీ తమాషా?"

నాకు నవ్వొచ్చింది. ఆమె తర్వాతి మాటకు ఆ నవ్వు కాస్తా ఆరిపోయింది.

"ఆయన మాటలు పోయినయా ఏంది? మల్ల చెప్పించుకుందామంటే గొంతే లేకపాయె."

వెంటనే సర్వర్‌లో వెతికాను. రికార్డింగులన్నీ భద్రంగా ఉన్నాయి. "ఎక్కడికీ పోలేదాంటీ, దారి తప్పాయంతే" అన్నాను.

ఫోన్‌లో ఒక మాట నొక్కితే ఆ మాటే లింకుగా సర్వర్‌కు వెళ్తుంది. అలా వచ్చిన ప్రతి లింకునూ అప్లికేషన్ తన లాగ్‌లో, అంటే చిట్టాలో, రాసుకుంటుంది. తెరిచి చూస్తే పొద్దుట్నుంచీ ఒకే లింకు మళ్ళీ మళ్ళీ వచ్చి ఉంది, కొల్లేటి చాంతాడంత పొడుగున, నిండా శాతం గుర్తులతో. లింకుల్లో అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే వెళ్తాయి. అందుకే 50, 60 అని అంకెల్లో ఉన్న రేట్లు పలికాయి. తెలుగు అక్షరం అలా వెళ్ళదు. మూడు ముక్కలై, ముక్కముక్కకూ ఒక శాతం గుర్తు తగిలించుకుని వెళ్తుంది. 'ఇ' అయితే %E0%B0%87. గమ్యం చేరాక తిరిగి 'ఇ' అవుతుంది. దీన్నే యూఆర్ఎల్ ఎన్‌కోడింగ్ అంటాం.

లాగ్‌లో మాత్రం %25E0%25B0%2587 అని ఉంది. సర్వర్ ముందు రివర్స్ ప్రాక్సీ అనే కాపలా ప్రోగ్రాం ఉంటుంది. అది శాతం గుర్తునే ఇంకోసారి ఎన్‌కోడ్ చేస్తోంది, కవర్లో పెట్టినదాన్ని మరో కవర్లో పెట్టినట్టు. అప్లికేషన్ ఒక్క కవరే విప్పి, అలాంటి మాటే లేదని తిప్పి పంపుతోంది. ల్యాప్‌టాప్‌లో ఆ కాపలా లేదు. మా మిగతా సైట్ల లింకులన్నీ ఇంగ్లీషువే కనుక ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు.

ఆ చాంతాడును రెండుసార్లు డీకోడ్ చేశాను. "ఇగో ఇంటున్నవా" అని బయటపడింది. ఆయనకు భార్యను పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు, 'వింటున్నావా' అనే పిలుస్తారు. పొద్దుట్నుంచీ ఆమెనే పిలుస్తున్నారు పాపం. నాకు కళ్ళు చెమర్చాయి.

ప్రాక్సీలోని ఆ రెండో కవరు నియమం తీసేసి, సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. సత్తెమ్మ గారు వంటింట్లో ఉన్నారు. ముందుగదిలో కూర్చున్న మల్లేశ్ గారికి సైగ చేశాను. ఆయన నొక్కారు.

"ఇగో, ఇంటున్నవా?"

"ఆఁ, వస్తున్న!" అన్నారామె లోపలి నుంచి, అలవాటుగా.

ఆ వెంటనే వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆయన మళ్ళీ నొక్కారు. "ఇంటున్న... ఇంటున్ననయ్యా" అన్నారామె ఏడుస్తూ, నవ్వుతూ.

ఆ అక్షరాలు ముక్కలై ఎక్కడో ఉన్న సర్వర్ దాకా వెళ్ళి, ఒక మనిషి గొంతును ఇంటికి తెచ్చాయి. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. రోజూ చేసే పనే, ఇంత పెద్దదని ఆ రోజే తెలిసింది.

అప్పట్నుంచి ఏ అప్లికేషన్‌నైనా జనం చేతికిచ్చే ముందు, అసలు సర్వర్ మీద, ప్రాక్సీ గుండా నేను పంపే మొదటి లింకు ఒకటే: ఇంటున్నవా. దానికి బదులొచ్చాకే ఇంటికి బయల్దేరతాను.