ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు వేలిముద్రలు

నన్ను నమ్మి ఎవరైనా పని అప్పజెప్తే, ఆ పని చెడిపోయేంత జాగ్రత్తగా చేస్తాను. డెబ్బైల చివర్లో ఆదోనిలో ఒక బ్యాంకులో కొత్తగా గుమాస్తా ఉద్యోగంలో చేరాను. నా ఈ గుణం చూసే కాబోలు, మా మేనేజరు ఆ ట్రంకుపెట్టె నాకు అప్పగించాడు.

ఎమ్మిగనూరులో మా బ్యాంకు కొత్త శాఖ తెరిచింది. అటువైపు పల్లెల ఖాతాలన్నీ అక్కడికి మారుస్తున్నారు. ఖాతాదారుల సంతకాలు, వేలిముద్రలు ఉన్న కార్డులన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి. కార్డుతో పోల్చి చూడనిదే ఎవరికీ డబ్బివ్వరు. అవి దొంగ చేతిలో పడితే ఎవరి సంతకమైనా దిద్దుకోవచ్చు. అందుకని పెట్టెకు తాళం, తాళం మీద లక్కముద్ర. తాళంచెవి ముందే రిజిస్టర్డ్ పోస్టులో వెళ్ళిపోయింది. పెట్టె తెస్తున్న మనిషి ఫలానా అని, కింద నా సంతకంతో, మేనేజరు ఒక ఉత్తరం కూడా ఇచ్చాడు.

"ఇది జేబులో పెట్టుకో. ఆడ సూపిస్తేనే ముద్ర తీస్తారు" అని లక్క కరిగించడానికి వెళ్ళాడు.

బస్సుల్లో జేబులు కొట్టేవాళ్ళుంటారని నాకు తెలియదా? ఆ తాళం చెవి లేకున్నా నొక్కితే పడిపోయే రకం. నొక్కేముందు ఆ ఉత్తరాన్ని కూడా పెట్టెలోనే, కార్డుల అడుగున దాచాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఎర్రబస్సులో పెట్టెను కాళ్ళ కింద పెట్టుకుని కూర్చున్నాను. పక్కన ఒక ముసలమ్మ చేరింది. కాసేపు నన్నూ, కాసేపు పెట్టెనూ చూసింది.

"ఏముందప్పా పెట్టెలో?"

"బట్టలు."

"బట్టలకు లక్క యాల ఏసినారు?"

ఈమె దొంగల ముఠా మనిషేనని అప్పుడే తేల్చుకున్నాను. వేయించిన శనక్కాయలు చేతిలో పెట్టబోతే, మత్తుమందు కలిపిందేమోనని వద్దన్నాను. ఆమె ఏమీ అనుకోకుండా తన గోడు మొదలుపెట్టింది.

"మోకాళ్ళు పోయినాయప్పా. పత్తి తీసేకి పోలేను ఇంగ. ఎమ్మిగనూరులో ఎనుమును బేరం సేసినా. పాలమ్ముకోని బతుకుదామని. పొద్దు గూకేలోపల దుడ్డు ఇయ్యకుంటే ఇంగొకరికి ఇస్తానన్నాడు ఆయప్ప. పొద్దున్నే ఆదోని బ్యాంకుకు పోతే, నీ ఏలిముద్ర ఎమ్మిగనూరుకు పోతాంది, ఆడికే పో అన్నారు. ఏలు ఈడ్నే ఉంది, ముద్ర యాడికి పోయిందో!"

ఆ ముద్ర నా చెప్పుల కింద ఉంది. నేను కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ కూర్చున్నాను.

కొత్త శాఖ మేనేజరు తాళంచెవి చేత్తో పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఉత్తరం?"

"పెట్టెలో ఉంది సార్."

"ఉత్తరం సూడంది పెట్టె తెరవకూడదు."

"పెట్టె తెరిస్తేగానీ ఉత్తరం రాదు సార్."

బస్సులో నేను ముసలమ్మను చూసినట్టే ఆయన నన్ను చూశాడు. పెట్టె తన గదిలో పెట్టిస్తానంటే, రసీదు ఇవ్వనిదే తాకనివ్వనని అడ్డం నిలబడ్డాను. ఆయన ఆదోనికి ట్రంకాల్ బుక్ చేసి, నాకు బెంచీ చూపించాడు. బెంచీ మీద అప్పటికే ముసలమ్మ ఉంది. నా అవస్థ విని, మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"సార్, ఈయప్ప నా పక్కనే కూసోని వచ్చినాడు. ఆదోని కాన్నుంచి పెట్టె మీద కాలు తియ్యలేదు. నేను సాక్షి."

"నువ్వెవరమ్మా?"

"నా ఏలిముద్ర ఆ పెట్టెలోనే ఉందంట కదా!"

మేనేజరు తల పట్టుకున్నాడు. మేమిద్దరం మళ్ళీ బెంచీ మీద కూలబడ్డాం. ఈసారి ఆమె ఇచ్చిన శనక్కాయలు మారుమాట్లాడకుండా తిన్నాను. ఆమె మాటిమాటికీ వాకిట్లో ఎండ వైపు చూస్తోంది.

ఫోను కలిసేసరికి ఎండ గోడల మీదికి ఎక్కిపోయింది. మేనేజరు గొంతు చించుకుని అరిచాడు.

"మనిషి ఎట్లుంటాడా? తాళంచెవి నా చేతిలో ఉన్నా నన్నే పెట్టె దగ్గరికి రానీలేదు సార్!"

అవతలి జవాబు గది మొత్తానికీ వినపడింది. "అయితే మావాడే! ఇయ్యి, ఇయ్యి!"

ముద్ర పగలగొట్టగానే ముందు ఆమె కార్డు వెతికి తీశాను. ఆమె బొటనవేలికి సిరా నేనే పూశాను. డబ్బు కొంగున ముడేసుకుని, కుంటుకుంటూనే పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

కార్డులు సర్దడానికి ఆ రాత్రి ఎమ్మిగనూరులోనే ఉండిపోయాను. తెల్లారి బ్యాంకు తలుపులు తీస్తుంటే ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. కొంగు ముడి అట్లాగే ఉంది.

"నేను పోయేలోపలే ఎనుమును తోలుకపొయినారప్పా" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె ముడి విప్పి డబ్బు నా ముందు పెట్టింది.

"మళ్ళా లోపల పెట్టు. నీ మాదిరి ఎవర్నీ నమ్మనోని కాడ ఉంటే భద్రంగా ఉంటాది."

ఎగతాళి చేస్తోందేమోనని ఆమె ముఖంలోకి చూశాను. చేయడం లేదు, నిజంగానే అంటోంది.