వేలు తీస్తే ఆగిపోతుంది

ఆఫీసులో ఆమెను అందరూ పైలటమ్మ అంటారు. మొదట్లో వెక్కిరింపుగా అన్నారు, తర్వాత అదే పేరైపోయింది. డ్రోను ఎగరేసి, ఎత్తైన భవనాల బయటి గోడల మీద పగుళ్ళు ఎక్కడున్నాయో చూపించడం ఆమె పని. ఆమె భర్త అలాంటి గోడలకే తాడు మీద వేలాడుతూ రంగులు వేసేవాడు. ఒకరోజు తొమ్మిదో అంతస్తు దగ్గర తాడు తెగింది. తప్పెవరిదో తేల్చకుండానే కంపెనీవాళ్ళు ఇంటికొచ్చి ఉద్యోగం ఇస్తామన్నారు, ఇచ్చారు. ఎంత మంచి కంపెనీ అని నలుగురూ మెచ్చుకున్నారు. నోరు మెదపకుండా ఉన్నందుకు ఇచ్చే జీతమని ఎవరూ అనలేదు. ఆమె కూడా అనలేదు. అసలు ఆమె ఏమీ అనడం మానేసి చాలా కాలమైంది. చేతికిచ్చిన టీ తాగేది. వేడిగా ఉందా అని అడిగితే కప్పులోకి చూసేది.

పాత కంట్రోలరుతో ఆమెకు ఇబ్బంది లేదు. రెండు చేతులా పట్టుకునే పెట్టె, రెండు స్టిక్కులు, ఒక చిన్న తెర. ఆ తెర మీద ఎంత పెద్ద భవనమైనా అగ్గిపెట్టెలా కనిపించేది. కొత్తది అలా కాదు. ఒంటిచేత్తో పట్టుకునే పిడి. మణికట్టు ఎటు వంచితే డ్రోను అటు వంగుతుంది. చూపుడువేలి కింద మీట. కళ్ళకు గాగుల్స్ పెట్టుకుంటే తానే గోడ పక్కన గాల్లో ఉన్నట్టుంటుంది.

"భయపడకండమ్మా," అన్నాడు నేర్పడానికొచ్చిన బట్టతల ట్రైనరు. "మీట నొక్కితే కదుల్తుంది, వేలు తీస్తే ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. గోడ దగ్గరైతే తనే ఆగుతుంది. సిగ్నల్ పోయినా, బ్యాటరీ అయిపోవస్తున్నా తనే వెనక్కొచ్చేస్తుంది."

"అయితే పడదన్నమాట."

"పడనిస్తారా? ఎంత ఖరీదైందో తెలుసా!"

సూపర్వైజరు గొంతు సవరించుకున్నాడు. "వచ్చే వారం భవనం ఓనరమ్మ ముందే పరీక్ష. టెర్రస్ నుంచి కింద దాకా గోడ వెంబడి ఏకబిగిన దింపాలి. మధ్యలో ఆగితే ఫెయిలు. ఫెయిలైనవాళ్ళు బ్యాటరీలు తుడుచుకోవడమే, సగం జీతానికి."

ఆ జీతం మీద రెండు ప్రాణాలు బతుకుతున్నాయి, ఆమె, అత్తగారు. సాయంత్రం ఇంట్లో రిమోటు పట్టుకుని మణికట్టు తిప్పుతూ సాధన చేస్తుంటే అత్తగారు విస్తుపోయింది.

"ఏమేవ్, టీవీ కట్టేసి రిమోటు ఊపుతావేంటి? దెయ్యాలకి ఛానల్ మారుస్తున్నావా?"

"పరీక్ష ఉందత్తయ్యా."

"ఈ వయసులో పరీక్షేంటే! నేను పాసైన పరీక్ష ఒక్కటే, మీ మావయ్యతో కాపురం. తప్పితే ఏంటట?"

"సగం జీతం."

ముసలామె తన కుర్చీని గోడ వారకు జరుపుకుంది. "అయితే ఊపు. నేనడ్డం రాను."

పరీక్ష రోజు పొద్దున భవనం దగ్గర సున్నం ఎదురయ్యాడు. భర్తతో కలిసి పనిచేసిన రంగుల మనిషి. జుట్టులో ఎప్పుడూ తెల్లటి పొడి ఉంటుందని ఆ పేరు. డ్రోను పగుళ్ళు చూస్తుంది గానీ పూడ్చలేదు. పూడ్చడానికి ఇప్పటికీ మనిషే తాడు మీద దిగాలి.

"వదినా, నువ్వు చూపించే పగుళ్ళతోనే నా పొట్ట నిండుతోంది. ఇంకో నాలుగు ఎక్కువ చూపించు తల్లీ!" అని నవ్వుకుంటూ లిఫ్టెక్కాడు.

భవనం ముందు నిలబడి ఆమె గాగుల్స్ పెట్టుకుంది. ఆమెకు కనిపించేదే పక్కన పెట్టిన పెద్ద టీవీ మీద ఓనరమ్మకూ, సూపర్వైజరుకూ, ట్రైనరుకూ కనిపిస్తోంది. డ్రోను టెర్రస్ దాటి, అంచు మీదుగా గోడ వైపు వంగింది. అక్కడ తుప్పుపట్టిన పైపుకు ముడివేసిన తాడు. ఒకటే తాడు. పిట్టగోడ అంచు మీద ఒరుసుకుని పోగులు విడిపోయి ఉంది. రెండో తాడు లేకుండా మనిషిని దింపబోమని, ఆమె భర్త పోయాక కంపెనీ రాయించిన బోర్డు ఆఫీసు గోడకు ఇంకా వేలాడుతూనే ఉంది. తాడు కింది కొసన, జుట్టులో తెల్లపొడితో, సున్నం.

ఆమె మీట మీద నుంచి వేలు తీసింది. డ్రోను ఆగిపోయింది.

"ఏమైంది? ఆపావేం?" సూపర్వైజరు అరిచాడు.

"ఆయన్ని పైకి లాగమనండి."

"అది మన పని కాదమ్మా! గోడ చూపించు, గోడ! పరీక్ష అయ్యాక తాడు సంగతి నేను చూస్తాగా. ఆపితే ఫెయిలే, తెలుసా?"

"తెలుసండి."

ఆమె గొంతులో కోపం లేదు, బతిమాలడం లేదు. వేలు మాత్రం మీటకు దూరంగా ఉంది.

"నువ్వు తీసుకుని దింపవయ్యా," అన్నాడు సూపర్వైజరు ట్రైనరుతో.

ట్రైనరు టీవీ వైపు చూశాడు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. "పరీక్ష ఆవిడది కదండీ."

ఓనరమ్మ కుర్చీలో ముందుకు వంగింది. "ఆ మనిషి వేలాడుతోంది మా గోడకేనా?"

అప్పుడు తీశాడు సూపర్వైజరు ఫోను.

సున్నాన్ని పైకి లాగేశారు. బ్యాటరీ అయిపోవస్తుంటే డ్రోను తనంతట తనే వెనక్కొచ్చి, బయల్దేరిన చోటే దిగింది. ఆమె గాగుల్స్ తీసింది.

సున్నం విసవిసా వచ్చాడు. "నన్ను లాగించింది నువ్వేనట కదా వదినా? సగం రోజు కూలి పోయింది!"

"తాడు ఎలా ఉందో చూశావా?"

"చూస్తే దిగబుద్ధి కాదు. అందుకే చూడ్డం మానేశాను."

పరీక్ష ఫెయిలని ఆ సాయంత్రమే చెప్పారు. కొత్త కంట్రోలరు వేరేవాళ్ళ చేతికి వెళ్ళింది. బ్యాటరీలు తుడవడానికి ఆమెకు ఒక గది కూడా ఇవ్వలేదు. భవనం పక్కన నీడలో ఒక బల్ల వేసి, అక్కడే తుడవమన్నారు. అత్తగారికి చెప్తే, "రిమోటు సరిగ్గా ఊపలేదా ఏంటి?" అని మాత్రం అడిగింది. సరిగ్గానే ఊపానంది.

ఓనరమ్మ పట్టుబట్టడంతో ఆ భవనం వరకు రెండో తాడు వచ్చింది. మిగతా భవనాల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒకరోజు రెండో అంతస్తు దగ్గర వేలాడుతూ సున్నం కిందికి కేకేశాడు.

"వదినా! ఈ రెండో తాడు కాళ్ళకి అడ్డం పడుతోంది!"

ఆమె తలెత్తి చూసింది.

"పడనీ," అంది. మళ్ళీ బ్యాటరీ తుడవసాగింది.